‘పిక్’కూ ‘అప్’కూ నడుమ ఉన్న చోటు

తిరుపతిలో ఇంగ్లీషు అక్షరం రాని వారికి కూడా ‘పికప్’ అనే మాట వచ్చు. రేణిగుంట విమానాశ్రయం దగ్గర పికప్, రైల్వే స్టేషను దగ్గర పికప్, కొండ దిగి వచ్చిన వారికి అలిపిరి దగ్గర పికప్, ఆ తరువాత కాణిపాకమో శ్రీకాళహస్తో చూపించి తిరిగి స్టేషనులో డ్రాప్. టాక్సీ స్టాండులో తెల్లవారుజాము నుంచే వినిపించే ఈ మాట తెలుగులో ఎంతగా ఇమిడిపోయిందంటే, దానిని తిరిగి ఇంగ్లీషు వాక్యంలో పెట్టేటప్పుడు తప్పు చేస్తున్నామన్న అనుమానం కూడా మనకు రాదు. ‘ప్లీజ్ పికప్ మి’, ‘డ్రైవర్ పికప్డ్ అస్’, ‘ఐ విల్ పికప్ యు టు తిరుమల’ వంటి వాక్యాలు నేను పనిచేసే లాడ్జీ కౌంటరులోని ఫోనులో వారం తిరగకుండా కనిపిస్తాయి. వాటిలో కొన్ని డ్రైవర్లు రాసినవి, కొన్ని బాగా చదువుకున్న యాత్రికులు రాసినవి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రాసినవి కూడా ఇలాగే ఉండేవి.

ఈ తప్పులన్నీ ఒకే చోట పుడుతున్నాయని నాకు చాలా ఆలస్యంగా అర్థమయింది. తెలుగులో ‘పికప్’ ఒకే ముద్ద; అది నామవాచకం. దానికి ‘చేయు’ అనే క్రియను తగిలించి ‘పికప్ చేస్తాను’, ‘పికప్ చేశాడు’, ‘పికప్ చేయండి’ అని మన పని మనం నడుపుకుంటాం. ఇంగ్లీషు క్రియలో మాత్రం అవి రెండు వేరు వేరు మాటలు. ‘పిక్’ అనేది అసలు క్రియ, ‘అప్’ అనేది దానిని అంటిపెట్టుకొని దాని అర్థాన్ని మార్చే చిన్న మాట. ఆ రెండింటికీ నడుమ ఒక చోటు ఉంది. అందులో మనిషినో వస్తువునో కూర్చోబెట్టవచ్చు, ఒక్కొక్కసారి కూర్చోబెట్టి తీరాలి. మనం ఆ రెండు మాటలనూ కలిపి అతికించేయడం వల్ల ఆ చోటు మూసుకుపోయి, కూర్చోవలసిన మాట బయట నిలబడిపోతోంది. ఇలా క్రియకు చిన్న మాట జతపడి ఏర్పడే వాటికి ఫ్రేజల్ వర్బ్ అని పేరు. ఆ పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ రచన ద్వారా ప్రచారంలోకి వచ్చింది కానీ, అటువంటి క్రియలు ఇంగ్లీషువారి నోట అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచీ ఉన్నాయి. పేరు గుర్తు లేకపోయినా పని ఆగదు.

మొట్టమొదట పట్టుకోవలసినది సర్వనామాల సంగతి. ‘మి, యు, హిమ్, హర్, ఇట్, అస్, దెమ్’ అనే ఏడు మాటలలో ఏది వచ్చినా అది ‘పిక్’కూ ‘అప్’కూ నడుమనే రావాలి. ‘పిక్ మి అప్’, ‘పిక్ హర్ అప్’, ‘పిక్ దెమ్ అప్’ అన్నవి సరైనవి. ‘పిక్ అప్ మి’, ‘పిక్ అప్ దెమ్’ అన్నవి ఎంత మర్యాదగా ‘ప్లీజ్’ చేర్చినా సరికావు. సర్వనామం కాక పేరో నామవాచకమో అయితే రెండు దారులూ తెరిచే ఉంటాయి. ‘పిక్ అప్ మై ఫాదర్’ అనవచ్చు, ‘పిక్ మై ఫాదర్ అప్’ అని కూడా అనవచ్చు. అయితే ఆ నామవాచకానికి ముందూ వెనుకా విశేషణాలు చేరి పొడవు పెరిగినప్పుడు దానిని నడుమ ఇరికించకూడదు. ‘పిక్ అప్ ద ఓల్డ్ కపుల్ హూ కేమ్ ఫ్రమ్ కుంభకోణం’ అనాలే గాని, ఆ ముసలి దంపతులను కుంభకోణంతో సహా నడుమ కూర్చోబెట్టి చివర ‘అప్’ అన్నామంటే, అక్కడికి చేరేసరికి వాక్యం ఎక్కడ మొదలైందో వినేవారు మరచిపోతారు.

ఈ నియమాన్ని బట్టీ పట్టడం కంటే దాని వెనుక ఉన్న కారణాన్ని గ్రహించడం తేలిక. ఇంగ్లీషు వాక్యంలో కొత్త సమాచారం, బరువైన మాట సాధారణంగా చివరకు చేరుతుంది. ‘హిమ్’ అన్నామంటే ఆ మనిషి ఎవరో ఇద్దరికీ ముందే తెలుసు. కొత్తగా చెప్పవలసినది అతని గురించి కాదు, చేయవలసిన పని గురించి. అందువల్ల తెలిసిన మనిషిని నడుమ తేలికగా దాటించి, ‘అప్’ మీద ఊనికతో వాక్యం ముగిస్తారు. తెలుగులో మనకు ఈ అవస్థ లేదు. ‘నన్ను ఎక్కించుకోండి’ అన్నా, ‘ఎక్కించుకోండి నన్ను’ అన్నా ‘ను’ అనే విభక్తి ఆ మాటను కాపాడుతుంది. ఆ విభక్తి చేసే పనిలో సగం ఇంగ్లీషులో మాట నిలబడిన స్థానమే చేస్తుంది కనుక, ఆ స్థానాన్ని మనం తేలికగా తీసుకోకూడదు.

సాధన చేయదలచిన వారికి నేను చెప్పే పద్ధతి ఒకటి ఉంది. నేల మీద ఒక సంచి పెట్టుకోండి. దానిని చేత్తో ఎత్తుతూ మొదట ‘ఐ పిక్ అప్ ద బ్యాగ్’ అనండి. దించి, మళ్లీ ఎత్తుతూ ‘ఐ పిక్ ద బ్యాగ్ అప్’ అనండి. మూడవసారి సంచి పేరు ఎత్తకుండా ‘ఐ పిక్ ఇట్ అప్’ అనండి. సంచి పైకి లేచి ఆగిన క్షణానికి నోట్లో ‘అప్’ పడాలి. చూసేవారికి నవ్వు వస్తే రానివ్వండి. పది రోజులు చేస్తే ‘పిక్ అప్ ఇట్’ అనడానికి నాలుక తనంతట తానే మొరాయిస్తుంది. ‘ఎత్తు’ అనే మన క్రియే ఈ ఇంగ్లీషు క్రియకు మూలార్థంలో దగ్గరి చుట్టం కాబట్టి, చేతికీ నోటికీ ముడి వేయడం మనకు ఇంకా సులభం.

తరువాతిది కాలాల సంగతి. ‘పికప్డ్’ అనే రూపం ఇంగ్లీషులో లేదు. కాలం మారినప్పుడు మారేది ‘పిక్’ మాత్రమే. ‘అప్’ ఎన్నడూ మారదు. ‘హి పిక్స్ మి అప్ ఎవ్రీ డే’, ‘హి పిక్డ్ మి అప్ యెస్టర్‌డే’, ‘హి ఈజ్ పికింగ్ మి అప్ నౌ’ అనాలి. మనం ‘పికప్డ్’ అనడానికి కారణం కూడా తెలుగే. మన భాషలో కాలమూ పురుషా అన్నీ మాట చివర చేరతాయి: ఎక్కించుకొన్నాడు, ఎక్కించుకొంటాడు, ఎక్కించుకొంటున్నాడు. ఆ అలవాటు చొప్పున ఇంగ్లీషులోనూ చివర ఉన్న ‘అప్’కు తోక తగిలిస్తున్నాం. ఇక్కడ తోక తలకే ఉంటుందని గుర్తు పెట్టుకోవాలి. రాతలో ‘పిక్డ్’ అయినా పలుకులో అది ‘పిక్ట్’ అని వినిపిస్తుందన్నది కూడా తెలిసి ఉంటే మేలు.

అందరూ చేసే మరొక పొరపాటు, కనిపించనిది కాబట్టి సరిదిద్దేవారు తక్కువ. ‘రేపు స్టేషనులో పికప్ చేస్తాను’ అన్నప్పుడు తెలుగులో ‘మిమ్మల్ని’ అనకపోయినా ఎవరికీ లోటు తెలియదు. అదే వాక్యాన్ని ‘ఐ విల్ పిక్ అప్ ఎట్ ద స్టేషన్’ అని రాస్తే ఇంగ్లీషు చదువరి ‘ఎవరిని?’ అని ఆగుతాడు. ‘ఐ విల్ పిక్ యు అప్ ఎట్ ద స్టేషన్’ అనాలి. అయితే వాక్యంలో ఆ మనిషి ముందే ఒకచోట వచ్చేసి ఉంటే నడుమ చోటును ఖాళీగానే వదలాలి. ‘వి వర్ పిక్డ్ అప్ ఎట్ రేణిగుంట’ అన్నప్పుడు ‘వి’ ముందే వచ్చింది. ‘ద ఫ్యామిలీ ఐ పిక్డ్ అప్ యెస్టర్‌డే’ అన్నప్పుడు ‘ద ఫ్యామిలీ’ ముందే వచ్చింది. అక్కడ మళ్లీ ‘దెమ్’ను తెచ్చి నడుమ కూర్చోబెడితే ఒకే మనిషికి రెండు టికెట్లు కొట్టినట్లవుతుంది.

ప్రశ్నలో కూడా చోటు మారదు. ‘హూ ఈజ్ పికింగ్ యు అప్?’, ‘కెన్ యు పిక్ అస్ అప్?’ అనే వాక్యాలను నోటికి పట్టించుకుంటే చాలు. మర్యాద విషయంలో మాత్రం ఒక మాట చెప్పాలి. ‘ఎక్కించుకో’కూ ‘ఎక్కించుకోండి’కీ మధ్య మన భాషలో ఉన్న దూరాన్ని ఇంగ్లీషు క్రియ చూపలేదు. ‘పిక్ మి అప్’ అని ఊరుకుంటే అది ‘ఎక్కించుకో’ అన్నట్లే మోటుగా ఉంటుంది. ‘కుడ్ యు పిక్ మి అప్?’ అంటే ‘ఎక్కించుకొంటారా?’ అన్నంత మెత్తదనం వస్తుంది. పెద్ద వయసు డ్రైవరుకు సందేశం పంపే కుర్రవాళ్లు ఈ రెండవ రూపాన్నే వాడాలని నా కోరిక.

చెవి సంగతి కూడా కొంత చూడాలి. విదేశాల నుంచి వచ్చిన యాత్రికుడు ఫోనులో మాట్లాడితే మన డ్రైవరుకు అర్థం కాకపోవడానికి కారణం చాలాసార్లు మాటలు తెలియకపోవడం కాదు, అవి కలిసిపోయి వినిపించడం. ‘పిక్ ఇట్ అప్’ అన్నది ‘పికిటప్’ అని వినిపిస్తుంది; ‘పిక్ హిమ్ అప్’లో హకారం జారిపోయి ‘పికిమప్’ అవుతుంది; ‘పిక్ దెమ్ అప్’ వేగంగా అంటే ‘పికెమప్’లా ఉంటుంది. ‘ఏమి అంటివి’ని ‘ఏమంటివి’ అనే జాతి మనది. సంధి మనకు కొత్త కాదు. తెలుగు సంధిని విడదీసినట్లే ఆ ముద్దను విడదీసి వింటే లోపల ఉన్న మనిషి ఆడా మగా, ఒకరా పలువురా అన్నది తేలిపోతుంది. ఊనికను కూడా గమనించాలి. క్రియగా వాడినప్పుడు బరువు ‘అప్’ మీద ఎక్కువగా పడుతుంది. ‘పికప్ పాయింట్’, ‘పికప్ టైమ్’, ‘ఎయిర్‌పోర్ట్ పికప్’ అని నామవాచకంగా వాడినప్పుడు బరువు ‘పిక్’ మీద పడుతుంది, రాతలో కూడా అది ఒకే మాటగా ఉంటుంది. అంటే టాక్సీ స్టాండులో మనం వాడే ‘పికప్’ తప్పు మాట కాదు. నామవాచకంగా అది నూటికి నూరు పాళ్లూ సరైనది. క్రియ ఉండవలసిన చోట దానిని నిలబెట్టడమే తప్పు.

ఇక నా చేత జరిగిన ఒక పొరపాటు చెబుతాను. చాలా ఏళ్ల కిందట మా లాడ్జీలో దిగిన ఒక కుటుంబం తెల్లవారి 5 గంటలకు లాడ్జీ నుంచి బయలుదేరి అలిపిరి చేరి మెట్ల దారిన కొండ ఎక్కాలనుకున్నారు. నేను వారి కోసం ఒక కారు మాట్లాడి, డ్రైవరుకు ‘పికప్ అలిపిరి 5’ అని సందేశం పంపి నిద్రపోయాను. తెల్లవారి యాత్రికులు లాడ్జీ మెట్ల మీద సామానుతో కూర్చొని ఉండగా నా ఫోను మోగింది. “మీవోళ్లు యాడుండారు సార్? నేను అలిపిరి కాడ గంట నుంచి కాసుకోనుండా.” అతని తప్పు రవ్వంత లేదు. నేను రాసిన మూడు మాటలలో అలిపిరి ఎక్కించుకోవలసిన చోటో దించవలసిన చోటో చెప్పే మాట ఒక్కటీ లేదు. చివరికి ఆ కుటుంబం ఆటోలో వెళ్లింది. డ్రైవరుకు ఖాళీ తిరుగుడు డబ్బులు నేను ఇచ్చుకున్నాను.

అప్పటి నుంచి ఈ క్రియ పక్కన వచ్చే చిన్న మాటలను శ్రద్ధగా చూస్తున్నాను. ‘పిక్ అప్’ అనేది ఎక్కించుకొనే పని, కనుక దాని పక్కన ఎక్కించుకొనే చోటే రావాలి. ఆ చోటుకు ముందు ‘ఎట్’ గాని ‘ఫ్రమ్’ గాని వాడవచ్చు. ‘పిక్ దెమ్ అప్ ఎట్ ద లాడ్జ్’, ‘పిక్ దెమ్ అప్ ఫ్రమ్ ద లాడ్జ్’ రెండూ మంచివే. దించే చోటు చెప్పాలంటే క్రియ మార్చాలి: ‘డ్రాప్ దెమ్ ఆఫ్ ఎట్ అలిపిరి’. ఒకచోటి నుంచి మరొకచోటికి తీసుకువెళ్లడమే ముఖ్యమైతే ‘టేక్’ ఉంది: ‘ఐ విల్ టేక్ యు టు తిరుమల’. మొదట ఎత్తిచూపిన ‘ఐ విల్ పికప్ యు టు తిరుమల’ అనే వాక్యంలో రెండు తప్పులున్నాయి. సర్వనామం బయట పడింది, దానికి తోడు ఎక్కించుకొనే క్రియకు చేరవలసిన ఊరిని తగిలించారు. నేను ఆనాడు పంపవలసిన సందేశం ఇది: ‘ప్లీజ్ పిక్ దెమ్ అప్ ఎట్ అవర్ లాడ్జ్ ఎట్ 5 ఎ.ఎమ్. అండ్ డ్రాప్ దెమ్ ఆఫ్ ఎట్ అలిపిరి.’

వేళ గురించి ఒక్క మాట. ‘ఎట్ 5’ అంటే 5 గంటలకు. ‘బై 5’ అంటే 5 గంటలకల్లా. విమానం పట్టుకోవలసిన మనిషికి ఈ తేడా చిన్నది కాదు, రేణిగుంట విమానాశ్రయం ఊరి నుంచి సుమారు 15 కిలోమీటర్లు ఉంది.

‘అప్’ను వదిలేసి ‘ప్లీజ్ పిక్ మి ఎట్ ద స్టేషన్’ అని రాసేవారు కూడా ఉన్నారు. సందర్భాన్ని బట్టి డ్రైవరు అర్థం చేసుకొని వస్తాడు, కాదనను. కానీ ‘పిక్’ ఒక్కటే నిలబడితే దాని అర్థం ఎంచుకోవడం, లేదా కోయడం. చిత్తూరు వైపు మామిడి తోటలు ఉన్నవారికి ఈ తేడా నేను ఇలా చెబుతాను. తోతాపురి కాపుకు వచ్చిన రోజులలో కూలీలు చెట్టెక్కి కాయలు కోస్తే ‘దే పిక్డ్ ద మ్యాంగోస్’. రాత్రి గాలి వీచి నేల రాలిన కాయలను పొద్దున్నే ఏరుకొంటే ‘దే పిక్డ్ అప్ ద మ్యాంగోస్’. మొదటిది కోసిన కాయ, రెండవది రాలిన కాయ. మండీలో ఈ రెండింటి ధర ఒకటి కాదని తోట ఉన్న ఎవరిని అడిగినా చెబుతారు. ఇంగ్లీషులో ఆ ధర తేడా అంతా ‘అప్’ అనే ఒక్క మాటలో ఉంది.

ఫోను విషయంలో మనకొక ప్రత్యేకమైన అలవాటు ఉంది. ‘ఫోన్ ఎత్తడం లేదు’ అనే తెలుగు మాటను మనసులో పెట్టుకొని ‘హి ఈజ్ నాట్ లిఫ్టింగ్ ద ఫోన్’ అంటాం. మన దేశంలో ఎవరికి చెప్పినా అర్థమవుతుంది. బయటి దేశాల వారికి మాత్రం ‘లిఫ్ట్’ అనగానే బరువు ఎత్తడమే తోస్తుంది. ఇక్కడ వాడవలసినది మన క్రియే: ‘హి ఈజ్ నాట్ పికింగ్ అప్ ద ఫోన్’. ఇంకా తేలికగా ‘హి ఈజ్ నాట్ పికింగ్ అప్’ అంటే చాలు; ఫోను సంగతే మాట్లాడుకుంటున్నాం కనుక ‘ద ఫోన్’ అనకపోయినా లోటు లేదు. కర్మ వదలకూడదని కాసేపటి కిందట నేనే చెప్పాను కదా అని అడగవచ్చు. ఫోను అర్థంలో ఈ వెసులుబాటు ఉంది, మనిషిని ఎక్కించుకొనే అర్థంలో లేదు. భాష మన సౌకర్యం చూసి నియమాలు పెట్టుకోలేదు.

వస్తువులను దారిలో ఆగి తీసుకోవడానికి కూడా ఇదే క్రియ. ‘ఇంటికి వచ్చేటప్పుడు పాలు తీసుకొని రండి’ అనడానికి ‘పిక్ అప్ సమ్ మిల్క్ ఆన్ యువర్ వే హోమ్’ అంటారు. అలిపిరి మెట్ల దారిలో 3,550 మెట్లు ఎక్కే భక్తులు సామాను కింద కౌంటరులో అప్పగిస్తే దేవస్థానం వారు దానిని కొండ మీదికి చేరుస్తారు. ఆ సంగతిని ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకు ఈ క్రియ అక్కరకు వస్తుంది: ‘లీవ్ యువర్ బ్యాగ్ హియర్. యు కెన్ పిక్ ఇట్ అప్ ఇన్ తిరుమల.’ ఇక్కడ ‘రిసీవ్’ అనకూడదా అని మా కుర్రవాడు ఒకసారి అడిగాడు. ‘రిసీవ్’ అంటే మన దగ్గరికి వచ్చినది అందుకోవడం. ‘పిక్ అప్’ అంటే మనమే అది ఉన్న చోటికి వెళ్లి తీసుకోవడం. కొండ మీద సంచి మన దగ్గరికి నడిచి రాదు.

నాకు బాగా ఇష్టమైన అర్థం మరొకటి ఉంది. మా జిల్లాల వారు ఎక్కడా బడికి వెళ్లి తమిళం నేర్చుకోరు. వేలూరుకు వైద్యానికి, తిరుత్తణికి మొక్కుకు, పెళ్లి పట్టు చీరలకు కాంచీపురానికి పోతూ వస్తూ ఉండగానే అది నోటికి వచ్చేస్తుంది. అలా గురువూ పుస్తకమూ లేకుండా వినికిడితో పట్టుబడిన విద్యను చెప్పడానికి ఇంగ్లీషులో ‘పిక్ అప్’ వాడతారు. ‘ఐ పిక్డ్ అప్ తమిళ్ ఫ్రమ్ ద పిల్‌గ్రిమ్స్’ అని నేను చెప్పుకోవచ్చు. కళాశాలలో మూడేళ్లు కూర్చొని చదివిన సబ్జెక్టుకు ఆ మాట నప్పదు, దానికి ‘లర్న్’ గాని ‘స్టడీ’ గాని వాడాలి. ఈ అర్థంలోనూ సర్వనామ నియమం మారదు. ‘హౌ డిడ్ యు లర్న్ తమిళ్?’ అని ఎవరైనా అడిగితే ‘ఐ పిక్డ్ ఇట్ అప్ ఎట్ వర్క్’ అనాలి. జలుబు, దగ్గు వంటివి అంటుకొన్నప్పుడు కూడా ఇదే క్రియ వస్తుంది: ‘ఐ పిక్డ్ అప్ ఎ కోల్డ్ ఆన్ ద ట్రైన్’. విద్యకూ జలుబుకూ ఒకే మాట ఉండటం ఇంగ్లీషువారి చమత్కారమో, అనుభవమో తెలియదు.

పైన చెప్పిన వాటిలో ఫోను సంగతి తప్ప మిగిలిన అన్నింటిలోనూ ఎవరో ఒకరు దేనినో ఒకదానిని తీసుకొంటారు. ఎవరూ ఏమీ తీసుకోకుండా దానంతట అది పుంజుకొనే అర్థం కూడా ఉంది. వేసవి సెలవులలో బేరాలు పుంజుకొంటే ‘బిజినెస్ పిక్స్ అప్ ఇన్ మే’ అంటారు. అక్కడ నడుమ ఏమీ రాదు, తరువాతా ఏమీ రాదు. బండి వేగం అందుకొంటే ‘ద బస్ పిక్డ్ అప్ స్పీడ్’. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఈ వాక్యం ఎవరూ అనవలసిన అవసరం రాకూడదు.

కొన్నిచోట్ల జాగ్రత్త అవసరం. ముఖపరిచయం లేని స్త్రీని బారులోనో వీధిలోనో మాటలతో మచ్చిక చేసుకోవడానికి కూడా ‘పిక్ అప్’ అనే మాటను వాడతారు. ‘హి పిక్డ్ హర్ అప్’ అనగానే అందరికీ అదే అర్థం తోస్తుందని కాదు కానీ, చోటూ పనీ చెప్పకుండా వదిలేస్తే తోచవచ్చు. ‘హి పిక్డ్ హర్ అప్ ఫ్రమ్ ద స్టేషన్’ అని చోటు చెబితే అనుమానానికి తావు లేదు. పోలీసులు ఎవరినైనా పట్టుకెళ్లినప్పుడు కూడా ‘ద పొలీస్ పిక్డ్ హిమ్ అప్’ అంటారు. ‘ఎత్తుకెళ్లారు’ అని మన వాళ్లు అనేదానికి ఇది అచ్చంగా సరిపోతుంది. ‘పిక్ ఆన్’ అనేది వేరే క్రియ. దాని అర్థం ఒకరిని పనిగట్టుకొని వేధించడం. ‘డోంట్ పిక్ ఆన్ హిమ్’ అన్నప్పుడు ‘హిమ్’ చివరనే ఉంటుందని గమనించండి.

ఇక్కడే ఇంకొక హెచ్చరిక చేయాలి. నడుమ కూర్చోబెట్టే నియమం కొత్తగా వంటబట్టిన వారు ఉత్సాహంతో ప్రతి క్రియనూ చీల్చుతారు. ఒక డ్రైవరు నా మాట విన్న మరునాడే ఒక యాత్రికుడికి ‘ప్లీజ్ వెయిట్ మి ఫర్’ అని పంపాడు. ‘వెయిట్ ఫర్ మి’, ‘లుక్ ఎట్ మి’, ‘లుక్ ఆఫ్టర్ దెమ్’ వంటి వాటిలో క్రియ పక్కన ఉన్న చిన్న మాట, తన వెనుక వచ్చే మాటను పట్టుకొనే విభక్తి వంటిది. మన ‘కోసం’ అనే మాట ‘నా’ను వదలనట్లే ‘ఫర్’ కూడా ‘మి’ని వదలదు. ‘పిక్ అప్’లోని ‘అప్’ అటువంటిది కాదు; అది క్రియకు చెందినది, పైకి అన్న భావాన్ని మోసేది. ఏ క్రియ ఏ జాతిదో తెలుసుకోవడానికి ఒక నామవాచకాన్ని నడుమ పెట్టి చూడండి. ‘పిక్ ద బ్యాగ్ అప్’ నిలుస్తుంది, కనుక సర్వనామం నడుమకు పోతుంది. ‘వెయిట్ ద బస్ ఫర్’ నిలవదు, కనుక సర్వనామం చివరనే ఉంటుంది. ‘డ్రాప్ ఆఫ్’, ‘పుట్ ఆఫ్’, ‘స్విచ్ ఆఫ్’, ‘కాల్ బ్యాక్’ వంటివన్నీ ‘పిక్ అప్’ జాతివే. ‘కాల్ బ్యాక్ మి’ అని కాక ‘కాల్ మి బ్యాక్’ అని మనం తప్పు లేకుండా అంటూనే ఉన్నాం. అలా అనగలిగిన నోరు ‘పిక్ మి అప్’ అనలేకపోవడానికి కారణం లేదు.

మొన్న తెల్లవారుజామున ఒక వృద్ధ దంపతులను అలిపిరికి పంపవలసి వచ్చింది. ‘వెయిట్ మి ఫర్’ అని రాసిన ఆ డ్రైవరే వచ్చాడు. అరగంట తరువాత అతని నుంచి సందేశం వచ్చింది: ‘సర్, ఐ పిక్డ్ దెమ్ అప్ ఎట్ 5 అండ్ డ్రాప్డ్ దెమ్ ఆఫ్ ఎట్ అలిపిరి. దే లెఫ్ట్ దెయిర్ అంబ్రెల్లా ఇన్ ద కార్. హూ విల్ పిక్ ఇట్ అప్?’ మూడు వాక్యాలలో మూడుసార్లు సర్వనామం నడుమ కుదురుగా కూర్చొని ఉంది. నేను ‘ఐ విల్’ అని జవాబు రాసి, గొడుగు కోసం కిందికి దిగాను.